ఒడి పట్టినవాడు

పరాంకుశానికి వచ్చిన చిక్కు పరుగుతో కాదు, తాళంచెవులతో.

ఎర్రగుట్ట మీది ఆశ్రమంలో జపాలూ హోమాలూ ఏమీ ఉండవు. తెల్లవారగానే గుట్ట చుట్టూ ఒకసారి పరిగెత్తి రావాలి. అదే సాధన, అదే పూజ. అందుకే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ గురువుగారిని పరుగుల స్వామి అంటారు. డెబ్భై దాటిన మనిషి. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. అయినా అందరికంటే ముందే ఉంటాడు. మాట మాత్రం బహు తక్కువ. మాటలకి ఖర్చుపెట్టే ఊపిరేదో పరుక్కి దాచుకుంటున్నాడని శిష్యులు సర్దిచెప్పుకునేవారు.

ఆ పరుక్కి ఒక ఆచారం ఉంది. పరిగెత్తేవాళ్లు కట్టుకున్న బట్ట తప్ప ఇంకేమీ వెంట తీసుకుపోకూడదు. రోజుకొకరు పరుగు మానేసి, చింతచెట్టు కింద బండ మీద కూర్చుని, ఒళ్లో తువ్వాలు పరుచుకుంటారు. మిగతావాళ్లు తమ దగ్గరున్న చిన్నాచితకా సామాను ఆ ఒళ్లో వేసి వెళ్లాలి. దాన్ని ఒడి పట్టడం అంటారు. వేసినవాళ్లు "జాగ్రత్త" అనకూడదు. పట్టినవాళ్లు "ఏమిటిది?" అని అడగకూడదు.

రుక్మాంగదం అనే పెద్దాయన కట్టుడు పళ్లు తీసి తడిగుడ్డలో చుట్టి వేసేవాడు. పరిగెడుతుంటే అవి లోపల వేరే పరుగు పెడతాయని ఆయన బాధ. వంట చూసే అలివేలమ్మ వంటింటి తాళంచెవీ, చెవి దుద్దులూ వేసేది. చెంగల్రాయుడనే అతను ఎర్రదారం కట్టిన చిన్న తాళంచెవి వేసేవాడు. స్వామి పొడుం డబ్బా వేసేవాడు.

పరాంకుశం ఏమీ వేసేవాడు కాదు.

ఆయన ఉద్యోగమంతా పార్సిల్ ఆఫీసులో గడిచింది. సీలు ఊడిన మూటని చూస్తే ఆయనకి అనుమానం. సీలు సరిగ్గా ఉన్న మూటని చూస్తే, ఇంత సరిగ్గా ఎందుకుందని ఇంకా పెద్ద అనుమానం. రిటైరయ్యాక విరక్తి పుట్టి అన్నీ వదిలేశాడు. వదిలేసినవాటిలో ముఖ్యమైనవాటిని ఒక రేకుపెట్టెలో సర్ది, రెండు తాళాలు వేసి, వెంట తెచ్చుకున్నాడు.

ఆ పెట్టె తాళంచెవులు రెండు. అమ్మేసిన ఇంటి తాళంచెవి ఒకటి. కొన్నవాడికి ఇచ్చింది కాక మిగిలినదన్నమాట. నొప్పుల మందు డబ్బా ఒకటి. దారిలో పడిపోతే ఎవరికి కబురు చెయ్యాలో రాసిన చీటీ ఒకటి. ఇవి లేకుండా ఆయన గడప దాటడు. ఇవి ఉంటే పరుగు సాగదు.

మొదట పంచె కొంగున మూటగట్టి మొలలో దోపుకున్నాడు. మొదటి మలుపులోనే పంచె బరువుకి జారింది. అది ఎగలాక్కుంటూ గలగలమని వస్తుంటే ముందున్న అలివేలమ్మ పక్కకి తప్పుకుంది.

"ఏందయ్యా, నువ్వా! గుర్రబ్బండి వస్తాందనుకున్నా," అంది.

ఈమె దృష్టి ఎప్పుడూ నా మొలమీదే ఎందుకుంది, అనుకున్నాడు పరాంకుశం.

తర్వాత పురితాడు ఒకటి మెళ్లో వేసుకుని దానికి కట్టుకున్నాడు. అడుగడుక్కీ గుత్తి వచ్చి రొమ్ము ఎముక మీద మొట్టింది. వారం తిరిగేసరికి అక్కడ పతకంలాంటి నల్లమచ్చ తేలింది. తలపాగాలో పెట్టుకుంటే దిగుడులో కంటిమీదికి జారాయి. పిడికిట్లో పట్టుకుంటే చెయ్యి తిమ్మిరెక్కి, ఆ పిడికిలి విప్పడానికి ఇంకో చెయ్యి కావాల్సి వచ్చింది. బనీనుకి లోపలివైపు దొంగజేబు కుట్టుకున్నాడు. ఎవరూ చూడకూడదని తలుపులు మూసుకుని మసక వెలుతుర్లో కుట్టాడేమో, వేసుకుని చూస్తే జేబు నోరు నేలవైపుంది.

ఆఖరికి పెట్టె తాళంచెవులు రెండూ బుగ్గన పెట్టుకుని పరిగెత్తాడు. ఆవేళ స్వామి పక్కకి వచ్చి, "ఏం పరాంకుశం, బాగున్నావా?" అన్నాడు. పరాంకుశం తలూపాడు.

"మౌనవ్రతమా? మంచిదే," అని స్వామి ముందుకు పోయాడు.

ఆ మంచిదేలో ఏదో ఉందని పరాంకుశం రోజంతా ఆలోచించాడు.

ఇలా ఉండగా ఒకరోజు గుట్ట వెనకాల ఏటవాలులో, నడుం దగ్గర గుత్తి పట్టుకుని పరిగెత్తుతూ బోర్లా పడ్డాడు. రాయి తగల్లేదు, ముల్లు గుచ్చుకోలేదు. తన తాళంచెవే పక్కటెముకలో దిగబడింది. చెంగల్రాయుడే లేవదీసి, భుజం మీద చెయ్యి వేయించుకుని నడిపించుకొచ్చాడు. ఈ చెంగల్రాయుడు పూర్వం తిరునాళ్లలో రంగులరాట్నం తిప్పేవాడు. తిరునాళ్లలో తిరిగినవాడు ఒక చెయ్యి భుజం మీద వేయించుకున్నాడంటే, రెండో చెయ్యి ఎక్కడుందో చూసుకోవాలి కదా. పరాంకుశం నొప్పి కూడా మరిచిపోయి దారి పొడుగునా అదే చూసుకున్నాడు.

మర్నాడు అలివేలమ్మ కాపడం పెడుతూ అడిగింది.

"ఇచ్చెయ్యరాదటయ్యా ఒడికి? ఏముందా పెట్టెలో, మహారాజుగారి కిరీటమా?"

"ఏమీ లేదమ్మా."

"మరింకేం?"

"ఏమీ లేదని అందరికీ తెలియడం దేనికి?"

ఎముక బాధ తగ్గాక పరాంకుశం మొదటిసారి ఒడికి ఇచ్చాడు. ఆవేళ ఒడి చెంగల్రాయుడిది. గుత్తి, డబ్బా, చీటీ ఒక్కొక్కటే వేసి, ఒక్కొక్కదాన్నీ ఇంకొకసారి చూసుకుని బయల్దేరాడు. గుట్ట చుట్టూ వెనక్కి చూస్తూనే పరిగెత్తాడు. తిరిగొచ్చి చూస్తే అన్నీ ఉన్నాయి.

అన్నీ ఉన్నాయి గానీ, తాళంచెవులు వెచ్చగా ఉన్నాయి.

ఒళ్లో పెట్టుకుంటే వెచ్చబడవా అని మామూలు మనుషులకి తోస్తుంది. పరాంకుశానికి తోచలేదు.

ఆ తర్వాత రెండ్రోజులకి పెట్టె తెరిచి చూస్తే వెండి నాలుకబద్ద కనపళ్లేదు. అత్తగారు పెట్టిన బద్ద. దాన్ని ఆయన వాడి చాలాకాలమైంది. అయినా అప్పుడప్పుడూ తీసి, వదిలేశాను కదా అని చూసుకుని, మళ్లీ లోపల పెట్టేవాడు. పంచెలు దులిపాడు. పుస్తకాలు దులిపాడు. లేదు.

ఆయన కేకలు పెట్టే రకం కాదు. నిదానంగా బావిగట్టు దగ్గరికి వెళ్లాడు. చెంగల్రాయుడి సబ్బుబిళ్ల అక్కడే ఉంది. తీసి తిప్పి చూశాడు. ఒక పక్క గుంట పడి ఉంది. తాళంచెవిని సబ్బుమీద అదిమితే అచ్చు పడుతుందని, ఆ అచ్చుతో మారు తాళంచెవి చేయించుకోవచ్చని పార్సిల్ ఆఫీసు మనిషికి ఒకరు చెప్పాలా?

ఫలహారం దగ్గర అందరూ ఉండగా అన్నాడు. ఎవరి పేరూ అనలేదు. "మనుషులు మారొచ్చు గానీ చేతులు మారవు. నా వెండి నాలుకబద్ద పోయింది," అన్నాడు.

చెంగల్రాయుడు ముద్ద ఆపాడు. "అయ్యో అన్నా! మరి పొద్దున ఎట్ట గీసుకున్నావు? నేను కొబ్బరీనె చీల్చి ఇస్తాలే. రోజూ కొత్తది ఇస్తా."

చూశారా, ముందుగానే సిద్ధం చేసి పెట్టుకున్నాడు సమాధానం, అనుకున్నాడు పరాంకుశం.

ఆ సాయంత్రం స్వామి దగ్గరికి వెళ్లాడు. స్వామి మోకాళ్లకి నూనె రాసుకుంటున్నాడు.

"స్వామీ, ఈ ఆశ్రమంలో చెంగల్రాయుడైనా ఉండాలి, నేనైనా ఉండాలి. మీరే తేల్చాలి."

"ఏం పోయింది?"

"వెండి నాలుకబద్ద."

స్వామి తన నాలుకతో పళ్లన్నీ ఒకసారి తడుముకున్నాడు. నూనె గిన్నె పక్కన పెట్టాడు.

"అతను తియ్యడం చూశావా?"

"చూడక్కర్లేదు స్వామీ. సబ్బు చూశాను."

"సరే. అతని పెట్టె చూడకుండా మాత్రం ఎవరినీ పొమ్మనలేను," అన్నాడు స్వామి. నూనె గిన్నె మళ్లీ అందుకుని, "రేపు ఒడి నువ్వు పట్టు," అన్నాడు.

ఈ రెండు మాటలకీ సంబంధం ఏమిటో పరాంకుశానికి అర్థం కాలేదు. సంబంధం ఉందని మాత్రం గట్టిగా అనిపించింది. స్వామి కళ్లు కూడా ఏదో సైగ చేసినట్టే ఉన్నాయి. నూనె కళ్లల్లో పడినా అలాగే ఉంటాయి గానీ, ఆ సంగతి ఆయన పట్టించుకోలేదు.

తెల్లవారింది. పరాంకుశం చింతచెట్టు కింద బండ మీద ఒడి పరుచుకుని కూర్చున్నాడు.

రుక్మాంగదం వచ్చి పళ్లు వేసి బోసినోటితో నవ్వాడు. అలివేలమ్మ దుద్దులు తీసి, వంటింటి తాళంచెవితో కలిపి వేసింది. చెంగల్రాయుడు ఎర్రదారం తాళంచెవి వేస్తూ, "ఈవేళ నీదా అన్నా, సంతోషం," అన్నాడు. స్వామి పొడుం డబ్బాలోంచి చిటికెడు పీల్చి, తుమ్మి, డబ్బా వేశాడు. అందరూ చేతులూపుకుంటూ మలుపు తిరిగిపోయారు. ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు.

అదే పరాంకుశానికి నచ్చలేదు. వెనక్కి చూడలేదంటే ఏమిటి అర్థం? ఎక్కడో ఎవరినో కాపలా పెట్టే ఉంటారు. చెట్టు పైకి చూశాడు. కాకి ఉంది. బండ వెనకాల చూశాడు. చీమలున్నాయి. మనుషులెవరూ లేరు. బంగారు దుద్దులు ఇలా ఒళ్లో పారేసి పోయేవాళ్లు అమాయకులైనా అయ్యుండాలి, లేకపోతే అవి బంగారమైనా కాకుండా ఉండాలి. కొరికి చూశాడు. బంగారమే.

ఇక మిగిలింది ఎర్రదారం.

దాన్ని తాను వెతికి తీయలేదని, అదే పైకి వచ్చిందని ఆయన తనతో తాను చెప్పుకున్నాడు. అనుమానం ఉన్న మూటని విప్పడం దొంగతనం కాదు, డ్యూటీ. పైగా స్వామే అన్నాడు, పెట్టె చూడకుండా పొమ్మనలేనని. మరి తాళంచెవి ఒళ్లో పడేట్టు చేసింది ఎవరు? ఆ స్వామే. నోటితో చెప్పలేనిది చేతతో చెప్పాడన్నమాట. పెద్దవాళ్లు అలాగే చెబుతారు.

తువ్వాలు నాలుగు చెంగులూ ముడేసి, ఆ మూట చంకన పెట్టుకుని సావిట్లోకి నడిచాడు.

చెంగల్రాయుడి చాప పక్కన గోడవార చిన్న పెట్టె ఉంది. సంతలో దొరికే రకం, మూతమీద చిలక బొమ్మ. తాళం ఒక్క తిప్పుకే వచ్చింది. మూత ఎత్తాడు.

లోపల ఏమీ లేదు.

అడుగున పరిచిన కాగితం ఎత్తి చూశాడు. మూలల్లో వేలు పెట్టి తడిమాడు. మూత లోపలివైపు తట్టి విన్నాడు. ఒక గుడ్డముక్క లేదు, ఒక గుండీ లేదు. ఏనాడూ ఏమీ పెట్టని పెట్టెలాగా కొత్త రంగు వాసన వస్తోంది.

సిగ్గేసిందా అంటే, ముందుగా సిగ్గు వెయ్యలేదు. అనుమానమే వేసింది. ఖాళీ పెట్టెకి తాళమా? అయితే సరుకు ఈపాటికే కొండ దిగిపోయింది.

అంతలో మలుపు అవతల రుక్మాంగదం దగ్గు వినపడింది. మూత వేశాడు, తాళం నొక్కాడు, మూట పట్టుకుని బయటపడ్డాడు. ఆశ్రమానికి వచ్చిన నాటి నుంచీ పరాంకుశం నిజంగా పరిగెత్తిందంటూ ఉంటే అదే. బండ మీద కూలబడి, ఒడి పరిచి, సామాను సర్ది, ఊపిరి బిగబట్టాడు.

వాళ్లు వచ్చారు. స్వామి పొడుం డబ్బా తీసుకున్నాడు. రుక్మాంగదం పళ్లు పెట్టుకుని దవడ సరిచేసుకున్నాడు. అలివేలమ్మ దుద్దులు తగిలించుకుంది. చెంగల్రాయుడు చెయ్యి చాచాడు.

ఒడి ఖాళీగా ఉంది.

ఎర్రదారం ఎక్కడుందో పరాంకుశానికి అప్పుడే గుర్తొచ్చింది. నొక్కిన తాళానికే వేలాడుతోంది, సావిట్లో, చిలక బొమ్మ కింద.

"ఇక్కడే... ఇక్కడే ఉండాలి," అన్నాడు.

"పడుంటుందిలే అన్నా, చిన్నది గదా," అని చెంగల్రాయుడు అక్కడే వంగి గడ్డిలో వెతకడం మొదలుపెట్టాడు.

రుక్మాంగదం బండకి అటువైపు వంగాడు. అలివేలమ్మ కొంగు దోపుకుని చతికిలబడింది. "కాకి ఉన్నింది చెట్టుమీద. ఎర్రది కనపడితే ఊరుకోవవి. పాడు కాకి!" అంది.

"చీమలు లాక్కుపోయాయేమో," అన్నాడు రుక్మాంగదం.

"తాళంచెవినా?"

"దారం పట్టుకుని లాగవూ?"

చెంగల్రాయుడు తల గోక్కున్నాడు. "అసలు నేను ఇచ్చినానా అని? ఈ మధ్య నాకు మతిమరుపెక్కువైంది. ఇవ్వడమే మరిచి ఎక్కడో పెట్టుంటా. అన్నని ఊరికే కంగారు పెట్టేసినా."

పరాంకుశం ఒక్కొక్కరి మొహమే చూశాడు. కాకిని అనుమానించారు. చీమల్ని అనుమానించారు. చెంగల్రాయుడు తనని తానే అనుమానించుకున్నాడు. ఒళ్లో పట్టుకుని కూర్చున్న మనిషి ఎదురుగా ఉంటే, అతనివైపు ఒక్కరూ అదోలా చూడలేదు. చూస్తే చెప్పడానికి ఆయన దగ్గర చాలా ఉన్నాయి. ఎదురు తిరగొచ్చు. నన్నే అంటారా అని చిందులు తొక్కొచ్చు. ఉద్యోగంలో అలాంటివెన్ని చూశాడు కాదు! ఒక్కరైనా అనుమానిస్తారేమోనని కాచుకుని కూర్చున్నాడు. ఎవరికీ ఆ ఆలోచనే వచ్చినట్టు లేదు.

అప్పుడు స్వామి వంగాడు. ఒక మోకాలు కటుక్కుమంది. రెండోది అంతకంటే గట్టిగా కటుక్కుమంది. అరచేతులు నేలకి ఆన్చి, గడ్డిపోచలు ఒక్కొక్కటే పక్కకి తీస్తూ పాకడం మొదలుపెట్టాడు.

పరాంకుశం చాలాసేపు ఓర్చుకున్నాడు.

"స్వామీ, లేవండి. అక్కడ లేదు."

"నీ ఒళ్లోంచి పడింది కదా. ఈ చుట్టుపక్కలే ఉంటుంది," అన్నాడు స్వామి, తల ఎత్తకుండా.

"పడలేదు స్వామీ. పెట్టెకే ఉంది. నేను... తెరిచాను."

చెట్టుమీది కాకి అరిచింది. గడ్డిలో ఉన్న చేతులన్నీ ఆగాయి. అలివేలమ్మ చెయ్యి చెవి దుద్దు మీదికి పోబోయి, మధ్యలోనే కిందికి దిగింది. ఆ దిగడం పరాంకుశం చూశాడు.

చెంగల్రాయుడు మోకాళ్ల మట్టి దులుపుకుంటూ లేచాడు.

"నా పెట్టెనా అన్నా? దాంట్లో ఏమీ లేదు గదా."

"లేదు."

"నీ బద్ద కోసం చూసినావా?"

"ఊఁ."

"దొరికిందా?" చాలా ఆశగా అడిగాడు చెంగల్రాయుడు.

"లేదు."

"అయ్యో!"

పరాంకుశం ఒళ్లో తువ్వాలు సర్దుకున్నాడు. అయినా అనుమానం చచ్చిపోయే మనిషి కాడు కదా, అడగకుండా ఉండలేకపోయాడు.

"ఏమీ లేని పెట్టెకి తాళం దేనికయ్యా?"

చెంగల్రాయుడు తెగ సిగ్గుపడ్డాడు. స్వామి ముందు చెప్పాలా వద్దా అన్నట్టు అటూ ఇటూ చూశాడు.

"నేను వచ్చిన కొత్తల్లో నా దగ్గర ఏమీ ఉండేది కాదు అన్నా. అందరూ ఏదో ఒకటి ఒళ్లో వేసి పరిగెత్తుతుంటే, నేను ఉత్తచేతుల్తో పోయేవాణ్ణి. పట్టినాయన మొహం చూసి, తనని నమ్మకనే ఏమీ వెయ్యలేదని అనుకుంటాడేమోనని నాకు దిగులు. అందుకని సంతలో పెట్టె కొన్నా. తాళంచెవి ఉంటే వెయ్యొచ్చు గదా అని."

రుక్మాంగదం గొంతు సవరించుకుని, దూరంగా పోయి నిలబడ్డాడు.

పరాంకుశం తువ్వాలు మడత పెట్టాడు. మడత సరిగ్గా రాలేదు. మళ్లీ పెట్టాడు.

"స్వామీ, ఇద్దరిలో ఒకరే ఉండాలని నిన్న నేనే అడిగాను. పెట్టె చూడటం కూడా అయింది. తేలిపోయింది. నేను వెళ్లిపోతాను."

స్వామి ఇంకా గడ్డిలోనే ఉన్నాడు. పాపం, వంగడం ఎలాగో వంగాడు గానీ లేవడం ఆయన వల్ల కాలేదు. రెండు చేతులూ పరాంకుశం వైపు చాచాడు. పరాంకుశం గబగబా వెళ్లి, చంకల కింద చేతులు వేసి, మెల్లగా నిలబెట్టాడు. స్వామి కాసేపు తన బరువంతా ఆయన మీదే వేసి, మోకాళ్లు దారికొచ్చేదాకా అలాగే నిలబడ్డాడు.

"ఎల్లుండి వెళ్లు," అన్నాడు స్వామి. "రేపు ఒడి నీదే."